రీఫ్ ట్యాంకుకు పంపులు ఎంచుకోవడం ఎలా: లెక్క, కొనుగోలు, బిగింపు, పరీక్ష

"మాది మూడడుగుల ట్యాంకు. ఎన్ని లీటర్ల మోటర్ కొనమంటారు?" రీఫ్ ట్యాంకు, అంటే ఉప్పునీళ్ళలో కోరల్స్ (పగడపు జీవులు) పెంచే అక్వేరియం, పెట్టాలనుకునే వాళ్ళందరూ ముందు అడిగేది ఇదే. దీనికి ఒక్క అంకెలో జవాబు లేదు. డబ్బా మీద అచ్చు వేసిన లీటర్లు వేరు, మీ ట్యాంకులో నిజంగా తిరిగే నీళ్ళు వేరు, ఆ నీళ్ళు కోరల్‌కు తగిలే తీరు వేరు. కోరల్ ఉన్న చోటు నుంచి కదల్లేదు కాబట్టి ఆక్సిజన్, ఆహారం దాని దగ్గరికి రావాలి, దాని మీద పేరుకున్న జిగురు, చెత్త కొట్టుకుపోవాలి. ఈ పని అంతా పంపులదే. లైట్ల మీద వేలకు వేలు పోసి పంపుల దగ్గర పొదుపు చేయడం సరికాదు.

నా సలహా ముందే చెప్పేస్తాను. పెద్ద వేవ్‌మేకర్ (ట్యాంకు లోపలే నీళ్ళను తిప్పే పంపు) ఒకటి కొనే బదులు వేగం తగ్గించి పెంచుకునే చిన్నవి రెండు కొనండి. వాటిలో ఒకటైనా కరెంటు పోయాక కూడా నడిచేలా ఏర్పాటు చేసుకోండి. మిగతాదంతా ఈ రెండింటి వివరమే.

మన దేశంలో ఉన్నవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట. గట్టి అస్థిపంజరం కట్టుకునే కోరల్స్ అన్నీ, అంటే హాబీలో ఎల్‌పీఎస్ (పెద్ద పాలిప్స్ ఉన్నవి), ఎస్‌పీఎస్ (చిన్న పాలిప్స్ ఉన్నవి; పాలిప్ అంటే కోరల్‌లోని ఒక్కో చిన్న ప్రాణి) అని పిలిచేవి రెండూ, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని షెడ్యూల్ 1 కిందికి వస్తాయి. దుకాణదారు ఎంత ధీమాగా చెప్పినా సముద్రం నుంచి తీసిన ముక్కను ఇంటికి తెచ్చుకోవద్దు. అందుకే కింద లెక్కలన్నీ మష్రూమ్, జోవాంథిడ్, లెదర్ లాంటి, గట్టి అస్థిపంజరం లేని సాఫ్ట్ కోరల్స్ ట్యాంకుకు వేసి చూపిస్తున్నాను. అమెరికాలోనో ఇతర దేశాల్లోనో పెంపకం కోరల్స్ కొనుక్కునే వాళ్ళ కోసం వాటి అంకెలు కూడా ఇస్తాను.

కావలసినవి

- టేపు, కాగితం, ఫోన్‌లో స్టాప్‌వాచ్
- 10 లీటర్ల బకెట్
- సూది లేని 50 మి.లీ. సిరంజి (మందుల షాపులో దొరుకుతుంది)
- పంపు ఇన్‌లెట్‌కు తొడిగే స్పాంజి లేదా జాలీ
- ఎర్తింగ్ ఉన్న ప్లగ్ పాయింటు, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్)
- శుభ్రం చేయడానికి తెల్ల వెనిగర్ లేదా నిమ్మ ఉప్పు, పాత టూత్‌బ్రష్

ఆర్‌సీసీబీ లేకపోతే పంపు కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఉప్పునీళ్ళలో చెయ్యి పెట్టే పని ఇది. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు వద్దు.

1. ట్యాంకులో నీళ్ళు ఎన్నో లెక్క తేల్చండి

పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకుకు 6.75 ఘనపుటడుగులు, అంటే దాదాపు 191 లీటర్లు. కానీ అంచు దాకా నింపం కదా. పైన రెండంగుళాలు వదిలితే 170. రాళ్ళు, ఇసుక ఆక్రమించే చోటు తీసేస్తే సుమారు 150 లీటర్లు మిగులుతాయి. లెక్కలన్నీ ఈ 150కే వేయాలి. దుకాణంలో "200 లీటర్ల ట్యాంకు" అని చెబితే వాళ్ళు 200కి తగ్గ పంపు చేతిలో పెడతారు.

2. ఏ కోరల్స్ పెంచుతారో నిర్ణయించుకోండి

నీళ్ళ పరిమాణానికి గంటకు ఎన్ని రెట్లు తిరగాలన్నది కోరల్‌ను బట్టి మారుతుంది. హాబీలో అందరూ వాడే అంచనాలు ఇవి:

- సాఫ్ట్ కోరల్స్: 10 నుంచి 20 రెట్లు
- ఎల్‌పీఎస్ (టార్చ్, హ్యామర్ లాంటివి): 20 నుంచి 30 రెట్లు
- ఎస్‌పీఎస్ (ఆక్రోపోరా లాంటివి): 40 రెట్లు, ఆపైన

మన 150 లీటర్ల సాఫ్ట్ కోరల్ ట్యాంకుకు 20 రెట్లు అంటే గంటకు 3000 లీటర్లు. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకె మాత్రమే. ఆఖరి తీర్పు కోరల్‌ది, ఆ సంగతి 8వ మెట్టులో.

3. రిటర్న్ పంపును వేరుగా చూడండి

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. రిటర్న్ పంపు పని సంప్‌లోని నీళ్ళను, అంటే ట్యాంకు కింద స్టాండులో ఉండే రెండో తొట్టిలోని నీళ్ళను పైకి పంపడం. కోరల్స్ చుట్టూ నీళ్ళు తిప్పే బాధ్యత వేవ్‌మేకర్లది. రిటర్న్ పంపుతోనే 20 రెట్లు సాధించాలని చూస్తే ట్యాంకు నుంచి సంప్‌లోకి నీళ్ళు దించే డ్రెయిన్ పైపు అంత నీళ్ళను మోయలేదు, గలగలా శబ్దం వస్తుంది, ట్యాంకు నిండా సన్న బుడగలు కమ్ముతాయి. రిటర్న్‌కు 5 రెట్లు చాలు. మన లెక్కలో గంటకు 750 లీటర్లు, నిజంగా పైకి చేరే నీళ్ళు.

ఆ "నిజంగా" అన్న మాటను గట్టిగా పట్టుకోండి. డబ్బా మీది లీటర్లు పంపు ఏ ఎత్తుకీ ఎత్తనవసరం లేనప్పుడు ఇచ్చేవి. పక్కనే హెడ్ మాక్స్ అని మీటర్లలో ఇంకో అంకె ఉంటుంది. ఆ ఎత్తుకు చేరేసరికి పంపు ఒక్క చుక్క కూడా ఇవ్వదు. ఈ రెండింటి మధ్య ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తగ్గుతూ పోతాయి.

సంప్‌లోని నీటిమట్టం నుంచి పైన నీళ్ళు పడే చోటు దాకా టేపుతో కొలవండి. మామూలు స్టాండు మీద అది 1.2 మీటర్ల దాకా వస్తుంది. ఎల్బోలు, పైపు రాపిడి కోసం ఇంకో 0.3 మీటర్లు కలపండి. మొత్తం 1.5 మీటర్లు. ఇప్పుడు రెండు పంపులను పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండింటి మీదా గంటకు 2000 లీటర్లనే ఉంది.

మొదటిది హెడ్ 2.5 మీటర్లు. 1.5ను 2.5తో భాగిస్తే 0.6. అంటే అరవై శాతం ఎత్తడానికే పోయింది, నలభై శాతం మిగిలింది. పైకి వచ్చేవి సుమారు 800 లీటర్లు.

రెండోది హెడ్ 1.8 మీటర్లు. అదే లెక్క వేస్తే మిగిలేది 17 శాతం. సుమారు 330 లీటర్లు.

రెండింటి మీదా ఒకే అంకె, చేతికొచ్చే నీళ్ళలో రెట్టింపుకు మించిన తేడా. ఇది ఉజ్జాయింపు లెక్కే. మంచి కంపెనీలు డబ్బాలో గ్రాఫు ఇస్తాయి, అది ఉంటే దాన్నే నమ్మండి. హెడ్ మాక్స్ అసలు రాయని పంపును కొనకండి.

హెచ్చరిక: నీళ్ళు ఎక్కువగా వస్తుంటే వాల్వును పంపు నుంచి బయటికి వెళ్ళే పైపుకే పెట్టి తిప్పండి. లోపలికి పీల్చే వైపు బిగించారంటే పంపు నీళ్ళు అందక శబ్దం చేసి త్వరగా పాడవుతుంది.

ప్రత్యామ్నాయం: సంప్ లేని చిన్న ట్యాంకు అయితే ఈ మెట్టు మొత్తం వదిలేయండి. వెనక తగిలించే ఫిల్టరు, వేవ్‌మేకర్లు చాలు.

4. వేవ్‌మేకర్లను జంటగా ఎంచుకోండి

గంటకు 3000 లీటర్లు కావాలంటే 3000 లీటర్లది ఒకటి కొనాలనిపిస్తుంది. అలా చేస్తే నీళ్ళు ఎప్పుడూ ఒకే దిక్కున పోతాయి. ఎదురుగా ఉన్న కోరల్‌కు దెబ్బ మీద దెబ్బ, రాళ్ళ వెనక ఉన్నదానికి శూన్యం. నీళ్ళు దిక్కులు మార్చుకోవాలంటే రెండు పంపులు ఉండాలి. గంటకు 2500 నుంచి 3000 లీటర్ల గరిష్ఠ సామర్థ్యం ఉన్నవి రెండు తీసుకుని, ఒక్కోదాన్ని సగం వేగంతో నడపండి. సగంలో నడిచే పంపు తక్కువ శబ్దం చేస్తుంది, కోరల్స్ పెరిగి అడ్డం వచ్చినప్పుడు వేగం పెంచుకునే వెసులుబాటు ఉంటుంది, ఒకటి పాడైనా రెండోది ట్యాంకును కాపాడుతుంది.

రకాల విషయానికొస్తే, గుండ్రటి ప్రొపెల్లర్ ఉన్నవి మూడడుగుల లోపు ట్యాంకులకు హాయిగా సరిపోతాయి. మాక్స్‌స్పెక్ట్ జైర్ లాంటి పొడవాటి గొట్టం ఆకారం పంపులు నీళ్ళను వెడల్పాటి పొరలా తోస్తాయి, నాలుగైదు అడుగుల ట్యాంకులకు బాగుంటాయి. ఎకోటెక్ వోర్టెక్‌లో మోటరు గాజు బయట ఉంటుంది, లోపల ప్రొపెల్లర్ మాత్రమే. దాంతో నీళ్ళలో వైరు ఉండదు, నీళ్ళకు చేరే వేడి కూడా తక్కువ. ధర మాత్రం చాలా ఎక్కువ. జెబావో లాంటి చైనా పంపులు అందుబాటు ధరలో దొరుకుతాయి, సాఫ్ట్ కోరల్స్‌కు నేను అభ్యంతరం చెప్పను. కాకపోతే ఇంపెల్లరు (నీళ్ళను తోసే లోపలి రెక్కల చక్రం) విడిగా దొరుకుతుందో లేదో కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి.

అయస్కాంతంతో బిగించేవైతే మీ గాజు మందం కొలవండి. ఎన్ని మిల్లీమీటర్ల దాకా పట్టుకుంటుందో డబ్బా మీద ఉంటుంది. 12 మి.మీ. గాజుకు 8 మి.మీ. అయస్కాంతం పెడితే ఏదో ఒక రాత్రి పంపు జారి ఇసుకలో పడుతుంది. రాత్రంతా ఇసుక చిమ్మి, తెల్లారేసరికి ట్యాంకు పాలలా తెల్లబడి ఉంటుంది.

5. ఏసీనా, డీసీనా? ఇన్వర్టర్ సంగతేంటి?

స్తోమత ఉంటే వేవ్‌మేకర్లు డీసీవే తీసుకోండి. వేగం మార్చుకోవచ్చు, మేత వేసేటప్పుడు పది నిమిషాలు ఆపే బటన్ ఉంటుంది, కరెంటు తక్కువ తింటాయి. 60 వాట్ల పంపు రోజంతా నడిస్తే నెలకు 43 యూనిట్లు. 20 వాట్లదానికి 14 యూనిట్లు చాలు. పైగా నీళ్ళలో మునిగి ఉండే పంపు తినే కరెంటు దాదాపు మొత్తం వేడిగా మారి నీళ్ళలోనే కలుస్తుంది. రీఫ్ ట్యాంకు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఆ అంకె దగ్గర నిలబెట్టడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. హైదరాబాద్ పొడి ఎండల్లో నీళ్ళ మీదికి ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. విశాఖ ఉక్కపోతలో అదే ఫ్యాన్ అంతగా పనిచేయదు. కాబట్టి తీరం వెంబడి ఉన్నవాళ్ళు పంపు వాట్ల మీద ఇంకా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

కరెంటు పోతే ముందు ముంచుకొచ్చేది ఆక్సిజన్ కొరత. ఉప్పునీళ్ళు మంచినీళ్ళ కంటే తక్కువ ఆక్సిజన్ పట్టి ఉంచుతాయి, వేడెక్కితే ఇంకా తక్కువ. మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే ఏసీ పంపులు దాని మీద గుయ్‌మంటూ వేడెక్కుతాయి. ప్యూర్ సైన్ వేవ్ అయితే ఇబ్బంది లేదు. డీసీ పంపులు అడాప్టరు మీద నడుస్తాయి కాబట్టి వాటికి సాధారణంగా ఈ గొడవ ఉండదు.

ఇన్వర్టర్ మీద అన్నీ పెట్టకండి. 5 నుంచి 10 వాట్లు తినే ఒక వేవ్‌మేకర్‌ను నీటి పైపొర కదిలేలా తిప్పి, దాన్ని మాత్రం పెట్టండి. బ్యాటరీ గంటల తరబడి నిలుస్తుంది. ఇన్వర్టరే లేకపోతే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని ట్యాంకు పక్కనే ఉంచుకోండి. అది చవక, గాలివాన రాత్రి దాని విలువ తెలుస్తుంది.

అమెరికా నుంచి బంధువులతో పంపు తెప్పించుకునే వాళ్ళు ఒకటి చూడండి. అడాప్టరు మీద "100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. 120 వోల్టుల ఏసీ పంపును మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది.

6. దుకాణంలో చేత్తో పట్టుకుని చూడాల్సినవి

ఇంపెల్లర్ మూత తీయమని అడగండి. ఇరుసు పింగాణీది అయి ఉండాలి. లోహంది అయితే వద్దు. కూలర్ మోటర్ తక్కువకు వస్తుందని ఉప్పునీళ్ళలో పెట్టే వాళ్ళున్నారు. అవి మంచినీళ్ళ కోసం చేసినవి. ఇరుసు తుప్పు పడుతుంది, లోపలి రాగి ఏ కొంచెం బయటపడినా రొయ్యలు, నత్తలు, కోరల్స్ చచ్చిపోతాయి. అయస్కాంతం మీది పూత ఎక్కడైనా పగిలిందేమో వేలితో తడిమి చూడండి. పగిలితే లోపలి లోహం తుప్పు పట్టి నీళ్ళలో కలుస్తుంది. వైరు పొడవు చూసుకోండి, దానికి అతుకు ఉండకూడదు.

7. బిగించే పద్ధతి

1. రెండు వేవ్‌మేకర్లను ట్యాంకు పొట్టి గోడలకు, ఎదురెదురుగా, ఎత్తులో పై మూడో వంతులో పెట్టండి. ఒకదాన్ని కాస్త పైకి, రెండోదాన్ని కాస్త ముందు గాజు వైపు తిప్పండి. రెండు ప్రవాహాలు మధ్యలో ఢీకొని చెదిరిపోవాలి. అదే మనకు కావలసిన గజిబిజి.
2. పంపు ముందు కనీసం అడుగు దూరం వరకు కోరల్ ఉండకూడదు.
3. నీటి పైపొరకు మరీ దగ్గరగా పెడితే గాలి పీల్చి బుడగలు చిమ్ముతుంది. గుర్‌మన్న శబ్దం వస్తే రెండంగుళాలు దించండి.
4. అనిమోన్ (పువ్వులా కనిపించే, కోరల్‌కు దగ్గరి జీవి) ఉంటే స్పాంజి తొడగకుండా పంపు ఆన్ చేయకండి. అనిమోన్ నడుస్తుంది. నడిచి నడిచి పంపులోకి పోయి తునకలైతే దానితోపాటు ట్యాంకు నీళ్ళు కూడా పాడవుతాయి.
5. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి, మళ్ళీ పైకి వెళ్ళేలా వదలండి. వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే కిందికి రాలిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డును స్టాండు లోపల నేల మీద పెట్టవద్దు.

వేగం 30 శాతంతో మొదలుపెట్టండి. మూడు నాలుగు రోజులకోసారి పది శాతం చొప్పున పెంచండి.

8. సరిగ్గా ఉందో లేదో పరీక్షించండి

బకెట్ పరీక్ష: రిటర్న్ పైపు చివరను బకెట్‌లోకి పెట్టి టైమ్ చూడండి. 10 లీటర్లు 45 సెకన్లలో నిండితే గంటకు 800 లీటర్లు. సెకన్లతో 36000ను భాగిస్తే మీ అంకె వస్తుంది. ఈ అంకె రాసి పెట్టుకోండి, మూడు నెలల తర్వాత పనికొస్తుంది.

కరెంటు పోయినట్టు పరీక్ష: రిటర్న్ పంపు ఆపి, సంప్ దగ్గరే నిలబడండి. పైప్ మొన నీటిలో మునిగి ఉన్నంత లోతు వరకు ట్యాంకు నీళ్ళు వెనక్కి సంప్‌లోకి దిగుతాయి. మన ట్యాంకులో రెండంగుళాల నీళ్ళంటే 21 లీటర్లు. సంప్‌లో అంత ఖాళీ లేకపోతే ఇల్లంతా ఉప్పునీళ్ళు. రిటర్న్ పైపు మొనను పైకి జరపండి, లేదా నీటిమట్టానికి కాస్త దిగువన పైపుకు చిన్న రంధ్రం చేయండి. మట్టం అక్కడికి దిగగానే గాలి దూరి నీళ్ళు ఆగుతాయి. ఆ రంధ్రం నాచుతో మూసుకుపోతుంది, వారం వారం చూడండి. నీళ్ళను వెనక్కి రానివ్వని చెక్ వాల్వు ఉంది కదా అని ధీమాగా ఉండకండి. లోపల సున్నం పేరుకుంటే అది పూర్తిగా మూసుకోదు.

సిరంజి పరీక్ష: సిరంజితో ట్యాంకు నీళ్ళు తీసి రాళ్ళ సందుల్లోకి, వెనక వైపుకి గట్టిగా చిమ్మండి. బూడిద రంగు మబ్బులా చెత్త లేచిన చోట నీళ్ళు కదలడం లేదని అర్థం. ఎర్రటి జిగురు నాచు మొదలయ్యేది ఎక్కువగా అలాంటి చోట్లే. పంపు వేగం పెంచే ముందు దిక్కు మార్చి చూడండి. చాలాసార్లు అదే సరిపోతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష కోరల్‌నే గమనించడం. కుర్చీ వేసుకుని పావుగంట చూడండి. పాలిప్స్ అటూ ఇటూ ఊగుతూ, మధ్యలో కాసేపు నిదానించి, మళ్ళీ ఇంకో వైపు ఊగితే ఫ్లో బాగున్నట్టు. ఎప్పుడూ ఒకే పక్కకు వంగి ఉంటే నేరుగా కొడుతోంది. మష్రూమ్ అంచులు ముడుచుకుని రాయి నుంచి ఊడిపోయినా ఎక్కువైనట్టే. హ్యామర్, టార్చ్ లాంటి ఎల్‌పీఎస్‌లో ఒక వైపు కండ వెనక్కి తగ్గి తెల్లటి అస్థిపంజరం అంచు కనబడితే అదే రోజు పంపు తిప్పేయండి, రేపటికి వాయిదా వేయకండి. కోరల్ మీద తిండి ముక్కలు, చెత్త నిలిచిపోతుంటే తక్కువైనట్టు.

లెదర్ కోరల్ విషయంలో కొత్తవాళ్ళు అనవసరంగా టెన్షన్ పడతారు. అది అప్పుడప్పుడు కొన్ని రోజులు ముడుచుకుని, పైన మైనం లాంటి పొర కట్టి, ఆ పొర వదిలించుకుని మళ్ళీ విచ్చుకుంటుంది. ఆ సమయంలో ఫ్లో తగ్గించకండి. పొర ఊడిపోవడానికి కాస్త ఎక్కువ ప్రవాహమే సాయపడుతుంది.

ఇసుకలో గుంట పడి అడుగు గాజు కనిపిస్తే పంపు కిందికి చూస్తోంది. కాస్త పైకి తిప్పండి. మరీ సన్నటి ఇసుక వేసి ఉంటే ఎంత తిప్పినా లేస్తూనే ఉంటుంది, 1 నుంచి 2 మి.మీ. రవ్వ ఉన్నదైతే నిలబడుతుంది. నీటి మీద నూనె తెట్టులా పొర కడితే ఒక పంపును ఇంకొంచెం పైకి తిప్పండి.

9. మూడు నెలలకోసారి శుభ్రం చేయండి

పంపు బలం తగ్గిందని కొత్తది కొనేస్తుంటారు. చాలావరకు కారణం ఇంపెల్లర్ మీద పేరుకున్న సున్నం. మళ్ళీ బకెట్ పరీక్ష చేసి పాత అంకెతో పోల్చితే తెలిసిపోతుంది.

ప్లగ్గు తీసి, పంపును బయటికి తీయండి. ఒక వంతు వెనిగర్‌కు ఒక వంతు నీళ్ళు, లేదా లీటరు నీళ్ళకు మూడు నాలుగు చెంచాల నిమ్మ ఉప్పు కలిపిన బకెట్‌లో అరగంట నుంచి గంట నానబెట్టండి. బుడగలు వస్తూ సున్నం కరగడం కనిపిస్తుంది. తర్వాత ఇంపెల్లర్ విప్పి బ్రష్‌తో రుద్దండి. పింగాణీ ఇరుసును పక్కకు లాగితే పుటుక్కున విరుగుతుంది, నిటారుగా పైకి తీయండి. ఆర్ఓ నీళ్ళతో రెండుసార్లు కడిగి బిగించండి. బాత్రూమ్ యాసిడ్ జోలికి పోవద్దు, సబ్బు అసలే వద్దు.

రెండు వేవ్‌మేకర్లను ఒకే రోజు తీయకండి. ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకోటి. తీసిన ప్రతిసారీ అయస్కాంతం అంచులు, వైరు లోపలికి వెళ్ళే చోటు, రబ్బరు వాషర్లు చూడండి. తుప్పు మరక ఎక్కడ కనిపించినా ఆ పంపును మళ్ళీ నీళ్ళలో పెట్టకండి. ఒక ఇంపెల్లర్, ఒక సెట్టు వాషర్లు ముందే కొని డ్రాయర్‌లో పెట్టుకోండి. కావలసిన రోజున అవి ఊళ్ళో దొరక్కపోవచ్చు, ఆన్‌లైన్‌లో వచ్చేసరికి వారం పట్టవచ్చు.